మేరీలాండ్‌లో కాంగ్రెస్ సీటు ఖాళీ అయితే అసలు ఎన్నిక నవంబర్‌లో కాదు, ప్రైమరీలోనే

మీరు అడిగింది కుదించి చెబితే ఇది: "మేరీలాండ్‌లో ఎలాగూ డెమోక్రాట్లే గెలుస్తారు. మా నియోజకవర్గం కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు దిగువ సభ) సభ్యుడు ఇక పోటీ చేయనంటున్నారు. మన తెలుగువాళ్లలో ఒకరికి నిలబడాలని ఉంది. గెలిచే అవకాశం ఎంత? మేం ఏం చేయాలి, ఎప్పుడు చేయాలి? హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లు చందా ఇవ్వొచ్చా?"

చివరి దానికి ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అందులో తప్పు చేస్తే దిద్దుకోవడం కష్టం. హెచ్‌1బీ, హెచ్‌4, ఎల్‌1, ఎఫ్‌1 మీద ఉన్నవాళ్లు అమెరికాలో ఏ ఎన్నికకూ, ఏ అభ్యర్థికీ ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ఇవ్వొచ్చు, కానీ కాంగ్రెస్ ఎన్నికలో ఓటు వేయకూడదు. మిగతా షరతులు డబ్బు దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

ఇక అసలు విషయం. మన దగ్గర టికెట్ అంటే బీఫామ్. పార్టీ పెద్దలు సంతకం పెట్టిన ఆ కాగితం ఎవరి చేతికొస్తే వాళ్లే అభ్యర్థి, రానివాళ్లు రెబల్. అమెరికాలో ఆ కాగితమే లేదు. మేరీలాండ్‌లో పార్టీ ఓటరుగా నమోదై, గడువులోపు వంద డాలర్ల ఫీజు కట్టి నామినేషన్ వేస్తే పార్టీ ప్రైమరీ (నవంబర్‌లో పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే తొలి ఎన్నిక) బ్యాలెట్ మీద పేరు ఉంటుంది. పార్టీ అధ్యక్షుడు వద్దన్నా ఆపలేడు. టికెట్ ఇచ్చేది ప్రైమరీలో ఓటేసే పార్టీ ఓటర్లే. కాబట్టి "టికెట్ తెచ్చుకుంటే చాలు, గెలిచినట్టే" అని మన ఊళ్లలో కొన్ని సీట్ల గురించి అంటామే, అది ఇక్కడ అక్షరాలా నిజం. కాకపోతే ఆ టికెట్ కోసం అరవై డెబ్బై వేల మంది తలుపులు తట్టాలి.

రాష్ట్రం ఎంత ఒకవైపు ఉందో చూడండి. 2024 అధ్యక్ష ఎన్నికలో కమలా హారిస్‌కు ఇక్కడ 62 శాతానికి పైగా ఓట్లు పడ్డాయి. ఎనిమిది కాంగ్రెస్ సీట్లలో ఏడు డెమోక్రాట్లవే. ఇలాంటి చోట సిట్టింగ్ సభ్యుణ్ణి సొంత పార్టీవాళ్లు ఓడించడం చాలా అరుదు. అందుకే సీటు ఖాళీ అయిన ఏడాదే అందరూ ఒక్కసారిగా దూకుతారు. ఆ ఏడాది పోతే మళ్లీ ఇరవై ఏళ్లు ఆగాల్సి రావచ్చు.

మూడో నియోజకవర్గం చరిత్ర చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. 2006లో బెన్ కార్డిన్ సెనేట్‌కు వెళ్లడంతో ఆ సీటు ఖాళీ అయింది. డెమోక్రాటిక్ ప్రైమరీలో జాన్ సార్బేన్స్ సుమారు 32 శాతంతో గెలిచారు. తండ్రి పాల్ సార్బేన్స్ అప్పటికి ముప్పై ఏళ్లుగా సెనేటర్, ఇంటిపేరు రాష్ట్రమంతా తెలుసు. పార్టీ ఓటర్లలో మూడింట రెండు వంతుల మంది వేరేవాళ్లకు వేసినా, ఆ 32 శాతంతో మొదలై ఆయన 18 ఏళ్లు సీటులో ఉన్నారు. ఆయన తప్పుకున్నాక 2024 ప్రైమరీలో 22 మంది నిలబడితే సారా ఎల్‌ఫ్రెత్ సుమారు 36 శాతంతో గెలిచారు.

మిగతావీ ఇంచుమించు ఇంతే. 2016లో ఎనిమిదో నియోజకవర్గంలో జేమీ రాస్కిన్ సుమారు 34 శాతం. 2018లో ఆరో నియోజకవర్గంలో డేవిడ్ ట్రోన్ 40 శాతం. ఎలైజా కమ్మింగ్స్ మరణంతో ఖాళీ అయిన ఏడో నియోజకవర్గంలో 2020 ఫిబ్రవరిలో 24 మంది పోటీపడితే క్వైసీ ఎంఫ్యూమే సుమారు 43 శాతం. ఎవరూ సగం దాటలేదు. మేరీలాండ్‌లో రెండో విడత పోటీ లేదు, ప్రాధాన్య క్రమంలో ఓట్లేసే పద్ధతీ లేదు. ఒక్క ఓటు ఎక్కువొచ్చినా పార్టీ టికెట్ వాళ్లదే. జార్జియాలో, టెక్సస్‌లో సగం రాకపోతే మొదటి ఇద్దరికీ మళ్లీ పోటీ పెడతారు. అక్కడి బంధువులు చెప్పే లెక్కలు ఇక్కడ పనికిరావు, గుర్తుంచుకోండి.

మీ మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. గెలవడానికి కావలసింది మెజారిటీ కాదు, చెదిరిపోని మూడో వంతు. అది దొరుకుతుందా లేదా అన్నది అభ్యర్థి గుణగణాల మీద కన్నా రెండు విషయాల మీద ఆధారపడి ఉంటుంది: అభ్యర్థి ఇప్పటికే ఎంతమందికి తెలుసు, అదే వర్గం ఓట్ల కోసం ఇంకా ఎంతమంది పోటీలో ఉన్నారు.

మనవాళ్లకు దగ్గరి ఉదాహరణ 2018 ఆరో నియోజకవర్గమే కాబట్టి దాన్ని కొంచెం వివరంగా చూద్దాం. జాన్ డిలేనీ అధ్యక్ష పదవికి పోటీ చేస్తానని తప్పుకోవడంతో సీటు ఖాళీ అయింది. హైదరాబాద్‌లో పుట్టి, ఏడేళ్ల వయసులో అమెరికా వచ్చిన అరుణా మిల్లర్ బరిలోకి దిగారు. ఆమె సివిల్ ఇంజనీరు. మాంట్‌గమరీ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) రవాణా శాఖలో పనిచేశారు. 2010 నుంచి రాష్ట్ర ప్రతినిధుల సభలో జర్మన్‌టౌన్, క్లార్క్స్‌బర్గ్ ప్రాంతాలకు సభ్యురాలు. అంటే గాలిలోంచి వచ్చిన అభ్యర్థి కాదు, తన ఓటర్లు తనకున్నారు. డెమోక్రాటిక్ మహిళా అభ్యర్థులకు దేశవ్యాప్తంగా దన్నుగా ఉండే ఎమిలీస్ లిస్ట్ మద్దతూ ఉంది. ఎదురుగా టోటల్ వైన్ మద్యం దుకాణాల సహ వ్యవస్థాపకుడు డేవిడ్ ట్రోన్. ఫలితం: ట్రోన్‌కు సుమారు 24 వేలు, అరుణకు సుమారు 18 వేల 5 వందలు. తేడా దాదాపు 5 వేల 5 వందలు. మూడు, నాలుగు స్థానాల్లో వైద్యురాలు నాడియా హషిమీ, రాష్ట్ర సెనేటర్ రోజర్ మానో. వాళ్లిద్దరికీ కలిపి పన్నెండు వేలకు పైగా ఓట్లు. ఆ ఇద్దరిదీ, అరుణదీ కూడా మాంట్‌గమరీ కౌంటీయే. ఆ ఓట్లన్నీ అరుణకే వచ్చేవని ఎవరూ చెప్పలేరు. కానీ తేడా కన్నా రెట్టింపు ఓట్లు అక్కడ చీలిపోయి ఉన్నాయన్నది మాత్రం లెక్కలోనే కనిపిస్తోంది.

డబ్బు సంగతి. ట్రోన్ ఆ ప్రైమరీలో కోటి డాలర్లకు పైగా సొంత డబ్బు దించారు. అభ్యర్థి తన సొంత డబ్బు ఎంతైనా ఖర్చుపెట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 1976లోనే తేల్చింది. మిగతా అభ్యర్థులు మాత్రం ఒక్కో దాత దగ్గర ఒక్కో ఎన్నికకు అప్పటి లెక్కన 2,700 డాలర్లే తీసుకోవాలి. కోటి డాలర్లంటే అలా నిండుగా ఇచ్చే దాతలు 3,700 మంది కావాలి. ఒక కాంగ్రెస్ నియోజకవర్గం ప్రైమరీకి అంతమంది దొరకడం దాదాపు అసాధ్యం.

అయితే డబ్బే గెలిపిస్తుందనుకోకండి. ఇదే ట్రోన్ రెండేళ్ల ముందు పక్కనే ఉన్న ఎనిమిదో నియోజకవర్గంలో కోటీ ఇరవై లక్షల డాలర్లకు పైగా ఖర్చుపెట్టి రాస్కిన్ చేతిలో ఓడిపోయారు. టీవీ వార్తల ద్వారా అందరికీ తెలిసిన క్యాథ్లీన్ మాథ్యూస్ మూడో స్థానంలో నిలిచారు. రాస్కిన్ 2007 నుంచి ఆ ప్రాంతానికే రాష్ట్ర సెనేటర్. టకోమా పార్క్, సిల్వర్ స్ప్రింగ్ వీధుల్లో ప్రైమరీకి తప్పకుండా వచ్చే ఓటర్లు ఆయనకు పేరుపేరునా తెలుసు. మరి 2018లో ట్రోన్ ఎలా గెలిచారు? నా అంచనా ఇది: రెండు నియోజకవర్గాల్లోనూ ఎక్కువ భాగం వాషింగ్టన్ టీవీ మార్కెట్‌లోనే ఉంది. 2016లో ఎనిమిదో నియోజకవర్గం కోసం వేసిన ప్రకటనలు ఆరో నియోజకవర్గం ఇళ్లలోనూ మోగాయి. ఓడిన ఎన్నిక ఖర్చే తరవాతి ఎన్నికకు పెట్టుబడి అయింది. పైగా ఆరో నియోజకవర్గం పొటోమాక్ శివార్ల నుంచి పశ్చిమాన కొండల్లోని గారెట్ కౌంటీ దాకా సాగుతుంది. అంత దూరం కాలినడకన ఇంటింటి ప్రచారం సాగదు. అలాంటి చోట టీవీ, పోస్టులో వచ్చే కరపత్రాలే ఎక్కువ పనిచేస్తాయి.

లోకల్, నాన్‌లోకల్ గొడవ ఇక్కడా ఉంది, కానీ చట్టం దాన్ని పట్టించుకోదు. రాజ్యాంగం అడిగేవి మూడే: 25 ఏళ్ల వయసు, ఏడేళ్లుగా పౌరసత్వం, ఎన్నికైన నాటికి ఆ రాష్ట్రంలో నివాసం. నియోజకవర్గంలో ఉండాలని లేదు, అమెరికాలో పుట్టి ఉండాలనీ లేదు (ఆ నిబంధన అధ్యక్ష పదవికే). ట్రోన్ ఇల్లు ఆరో నియోజకవర్గం బయటే ఉండేది.

ఇప్పుడు సాధారణంగా ఎవరూ చూడని ఒక లెక్క. మేరీలాండ్ శాసనసభ్యుల పదవీకాలం నాలుగేళ్లు, గవర్నర్ ఎన్నికతో కలిసి వస్తుంది: 2014, 2018, 2022, 2026. ఆ ఏడాది కాంగ్రెస్‌కు పోటీ చేయాలంటే శాసనసభ సీటు వదులుకోవాలి. అరుణా మిల్లర్, మానో ఇద్దరూ 2018లో అలాగే వదులుకున్నారు. అధ్యక్ష ఎన్నిక ఏడాది అయితే ఆ బాధ లేదు. ఓడినా పాత సీటు పదిలంగా ఉంటుంది. రాస్కిన్ 2016లో, ఎల్‌ఫ్రెత్ 2024లో అలా పోటీ చేసినవాళ్లే. ఫలితంగా అధ్యక్ష ఎన్నిక ఏడాది ఖాళీ సీటుకు శాసనసభ్యులు ఎక్కువమంది దిగుతారు, ఓట్లు ఎక్కువ ముక్కలవుతాయి. గవర్నర్ ఏడాదిలో దిగేది తక్కువమందే అయినా వాళ్లు అన్నీ పణంగా పెట్టి దిగినవాళ్లు. మీ అభ్యర్థి శాసనసభలో ఉంటే ఈ లెక్క మొదట వేసుకోవాలి. ఇంకొకటి: శాసనసభ సమావేశాలు జనవరి రెండో బుధవారం నుంచి 90 రోజులు. వసంతంలో ప్రైమరీ ఉన్న ఏడాది, ప్రచారం వేడెక్కే నెలల్లోనే వాళ్లు రాష్ట్ర రాజధాని అనాపొలిస్‌లో ఇరుక్కుపోతారు. ఇంటింటి ప్రచారం కుటుంబసభ్యులూ వాలంటీర్లూ మోయాల్సిందే.

బరి మొత్తం ఖాళీ చేయించిన ఉదాహరణ కూడా ఒకటుంది. 2024లో డచ్ రూపర్స్‌బర్గర్ రెండో నియోజకవర్గం నుంచి తప్పుకుంటే, బాల్టిమోర్ కౌంటీ ఎగ్జిక్యూటివ్ (కౌంటీ పాలన నడిపే, ఎన్నికైన అధిపతి) జానీ ఓల్షెవ్‌స్కీ ప్రైమరీలో నాలుగింట మూడు వంతులకు పైగా ఓట్లు తెచ్చుకున్నారు. నియోజకవర్గంలో ఎక్కువ భాగం ఆ కౌంటీయే. అక్కడ అప్పటికే రెండుసార్లు గెలిచిన మనిషి ప్రకటించగానే గట్టి పోటీదారులు ఆగిపోయారు. (ఆయనే 2018లో కౌంటీ ఎగ్జిక్యూటివ్ ప్రైమరీ గెలిచింది కేవలం 17 ఓట్ల తేడాతో. ఒక్క ఓటుతో ఏమవుతుంది అనేవాళ్లకు ఈ మాట చెప్పండి.)

మీరు చేయగల పనిలోకి వద్దాం. మొదటిది, అన్నిటికన్నా ముఖ్యమైనది, మనవాళ్లు ఎక్కువగా జారిపడేది: పార్టీ నమోదు.

మేరీలాండ్‌లో డెమోక్రాటిక్ ప్రైమరీలో డెమోక్రాట్‌గా నమోదైనవాళ్లే ఓటేయాలి, రిపబ్లికన్ ప్రైమరీలో రిపబ్లికన్‌గా నమోదైనవాళ్లే. ఏ పార్టీకీ చెందని ఓటర్లు రాష్ట్రంలో ఐదో వంతుకు పైగా ఉన్నారు. వాళ్లకు వచ్చే ప్రైమరీ బ్యాలెట్‌లో స్కూల్ బోర్డు లాంటి పార్టీ గుర్తు లేని పోటీలు మాత్రమే ఉంటాయి. కొత్తగా పౌరసత్వం తీసుకున్న మనవాళ్లలో చాలామంది "మాకు ఏ పార్టీ ముద్రా వద్దు" అని ఆ గడి ఖాళీగా వదిలేస్తారు. నవంబర్‌కు ఫర్వాలేదు గానీ, అసలు ఎన్నికలో మాత్రం వాళ్లకు ఓటు లేనట్టే. మార్చుకోవడానికి గడువు ఎన్నికకు 21 రోజుల ముందు. 2024లో ప్రైమరీ మే 14 అయితే గడువు ఏప్రిల్ 23. ఇక్కడే మరో తికమక ఉంది. ఎన్నిక రోజున కూడా కొత్త ఓటరుగా నమోదు కావచ్చు. అది విని పార్టీ కూడా ఆ రోజే మార్చుకోవచ్చనుకుంటారు. ఇప్పటికే నమోదైన ఓటరు గడువు దాటాక పార్టీ మార్చుకోలేడు, పోలింగ్ కేంద్రంలో ఎంత బతిమాలినా.

ఒక సంఘంగా మీరు చేయగల అత్యంత విలువైన పని ఇదే. తెలిసిన పౌరుల ఇళ్ల జాబితా రాసుకోండి. ఒక్కొక్కరినీ రాష్ట్ర ఎన్నికల బోర్డు వెబ్‌సైటులో తమ నమోదు చూసుకోమనండి. మూడు విషయాలు సరిచూసుకోవాలి: పార్టీ, చిరునామా, కాంగ్రెస్ నియోజకవర్గం సంఖ్య. మూడోది ఎందుకంటే 2021లో గీసిన నియోజకవర్గాల పటాన్ని 2022లో కోర్టు కొట్టేశాక గీతలు మారాయి. పదేళ్ల క్రితం మీ ఇల్లు ఉన్న నియోజకవర్గంలోనే ఇప్పుడూ ఉందన్న భరోసా లేదు. ఈ పని గడువుకు కనీసం ఆరు వారాల ముందు మొదలుపెట్టాలి. ఇంట్లో పిల్లల్నీ మరవకండి. నవంబర్ నాటికి 18 నిండే పిల్లలు 17 ఏళ్లకే ఈ ప్రైమరీలో ఓటేయొచ్చు. నమోదు 16 ఏళ్లకే చేసుకోవచ్చు.

దీనితో పాటే ఒక గట్టి హెచ్చరిక. డ్రైవింగ్ లైసెన్సు కోసం ఎంవీఏకి (రాష్ట్ర వాహనాల శాఖకు) వెళ్లినప్పుడు ఓటరు నమోదు ప్రశ్న వస్తుంది. పౌరసత్వం లేనివాళ్లు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లతో సహా, పొరపాటున కూడా అవునని నొక్కకూడదు. పౌరులమని తప్పుగా చెప్పినట్టు నమోదైతే గ్రీన్‌కార్డూ, భవిష్యత్ పౌరసత్వమూ ప్రమాదంలో పడతాయి, దేశం నుంచి పంపేసే దాకా వెళ్లొచ్చు. ఓటర్లను చేర్పించే ఉత్సాహంలో మీ వాలంటీర్లు ఎవరినీ తొందరపెట్టకుండా, "మీరు అమెరికా పౌరులేనా?" అని ముందే అడగాలి.

ఇక చందాలు. 2025-26 ఎన్నికలకు ఒక వ్యక్తి ఒక అభ్యర్థికి ఒక్కో ఎన్నికకు 3,500 డాలర్ల దాకా ఇవ్వొచ్చు. ప్రైమరీ ఒక ఎన్నిక, నవంబర్‌ది మరో ఎన్నిక, కాబట్టి మొత్తం 7,000. భార్యాభర్తలది వేర్వేరు పరిమితి, ఉమ్మడి ఖాతా నుంచైనా ఇద్దరూ విడివిడిగా ఇవ్వాలి. ఒకరు హెచ్‌1బీ, మరొకరు పౌరులు అయిన ఇళ్లలో చందా పౌరుల సొంత డబ్బే అయి ఉండాలి. ఇవ్వకూడనివాళ్ల డబ్బు ఇంకొకరి పేరు మీద ఇప్పించడం, కంపెనీ యజమాని ఉద్యోగుల చేత ఇప్పించి బోనస్ రూపంలో తిరిగి చెల్లించడం, ఇవి రెండూ నేరాలే. "అందరూ చేస్తున్నదే" అనే మాట నమ్మకండి, ఈ తప్పుకు జైలుకు వెళ్లినవాళ్లు ఉన్నారు. కార్పొరేషన్ ఖాతా చెక్కు కుదరదు. ఫెడరల్ ప్రభుత్వంతో తమ పేరు మీద కాంట్రాక్టు ఉన్న వ్యక్తులు ఇవ్వకూడదు. ఫెడరల్ కాంట్రాక్టు ఉన్న కంపెనీలో ఉద్యోగి అయితే సొంత డబ్బు ఇవ్వొచ్చు. వాషింగ్టన్ చుట్టుపక్కల మనవాళ్లకు ఈ తేడా బాగా అవసరం.

వీసా మీద ఉన్నవాళ్లు జీతం తీసుకోకుండా వాలంటీర్లుగా పనిచేయొచ్చు: ఫోన్లు చేయడం, కరపత్రాలు పంచడం, తెలుగులో వివరించడం. అయితే ఎవరికి ఎంత ఖర్చుపెట్టాలి లాంటి నిర్ణయాల్లో వాళ్లు చేయి పెట్టకూడదు.

తెలుగు సంఘాల విషయంలోనూ జాగ్రత్త కావాలి. 501(సి)(3) కింద పన్ను మినహాయింపు ఉన్న సంస్థ ఒక అభ్యర్థికి మద్దతు ప్రకటించకూడదు, సంఘం మెయిలింగ్ లిస్టు ఉచితంగా ఇవ్వకూడదు, ఉగాది వేదిక మీద ఒక్కరినే పిలిచి ఓట్లు అడిగించకూడదు. అభ్యర్థులందరినీ ఒకే తీరుగా పిలిచి చర్చ పెట్టొచ్చు, ఓటరు నమోదు చేయించొచ్చు. మద్దతు ఇవ్వాలనుకునేవాళ్లు సంఘం పేరు వాడకుండా వ్యక్తులుగా వేరే గుంపు కట్టుకోవాలి.

చందా ఎప్పుడు ఇవ్వాలి అనేది ఎంత ఇవ్వాలి అన్నంత ముఖ్యం. సీటు ఖాళీ అని తెలిసిన మొదటి మూడు నెలల్లో వచ్చిన డాలరుకున్న బలం చివరి వారంలో వచ్చినదానికి లేదు. కారణం: అభ్యర్థి 5,000 డాలర్లు దాటగానే ఫెడరల్ ఎన్నికల సంఘం, అంటే ఎఫ్‌ఈసీ దగ్గర నమోదు కావాలి, ఆ తరవాత మూడు నెలలకోసారి లెక్క చెప్పాలి. ఆ మొదటి లెక్క చూసే విలేఖరులు, యూనియన్లు, జాతీయ సంస్థలు ఎవరు గట్టి పోటీదారో తేల్చుకుంటారు. మొదటి లెక్క పలచగా ఉంటే తరవాత మద్దతు దొరకడం కష్టం. ఇంకో ఇబ్బంది: శాసనసభ్యుడి రాష్ట్ర ప్రచార ఖాతాలో ఎంత ఉన్నా అది కాంగ్రెస్ పోటీకి వాడకూడదు. అక్కడ లక్షలున్న మనిషి కూడా ఇక్కడ సున్నా నుంచే మొదలుపెట్టాలి.

ఎదుటివాళ్ల లెక్కలు చదవడం మీరే నేర్చుకోండి, ఎఫ్‌ఈసీ సైటులో అన్నీ ఉచితం. "చేతిలో నగదు" సంఖ్య చూసి బెదిరిపోవద్దు. అందులో నవంబర్ కోసం ఇచ్చిన రెండో 3,500లు కూడా కలిసి ఉంటాయి. ప్రైమరీలో వాటిని ముట్టుకోకూడదు. ఓడితే 60 రోజుల్లో దాతలకు తిరిగివ్వాలి. పెద్ద దాతల జాబితా దింపుకుని, ఒక్కో దాత ఇచ్చినదాంట్లో 3,500 దాటిన భాగాలన్నీ కూడి, చేతిలో నగదులోంచి తీసేస్తే ప్రైమరీకి నిజంగా ఉన్న డబ్బు తెలుస్తుంది. తరవాత అభ్యర్థి తన ప్రచారానికి తానే ఇచ్చుకున్న సొంత అప్పు ఎంతో చూడండి. మొత్తంలో సగం సొంత అప్పే అయితే జనాదరణ ఉందనడానికి ఆ సంఖ్య రుజువు కాదు. 200 డాలర్ల లోపు చందాల వాటా, నియోజకవర్గం లోపలి చిరునామాల వాటా, ఈ రెండూ వాలంటీర్ల బలాన్ని బాగా చెబుతాయి. ఎన్నికకు 12 రోజుల ముందు ఒక ప్రత్యేక లెక్క వస్తుంది. ఆఖరి 20 రోజుల్లో 1,000 డాలర్లు, ఆపైన వచ్చిన ప్రతి మొత్తాన్నీ 48 గంటల్లో చెప్పాలి, అభ్యర్థి సొంత డబ్బు సహా. చివరి వారంలో టీవీ మోత పెరగబోతోందో లేదో అక్కడే ముందుగా తెలుస్తుంది.

బయటి సంస్థల ఖర్చు వేరే పద్దు. 2024లో మూడో నియోజకవర్గంలో ఇది చాలామంది అంచనాలు తలకిందులు చేసింది. 2021 జనవరి 6 దాడి నాడు క్యాపిటల్‌ను (కాంగ్రెస్ భవనాన్ని) కాపాడిన పోలీసు అధికారి హ్యారీ డన్ దేశమంతటి నుంచి 40 లక్షల డాలర్లకు పైగా సమీకరించారు. రాష్ట్ర సెనేటర్ ఎల్‌ఫ్రెత్‌కు ఆయనంత చందాలు లేవు. కానీ ఇజ్రాయెల్ మద్దతు సంస్థ ఐపాక్‌కు చెందిన సూపర్‌పాక్ (అభ్యర్థితో సంబంధం లేకుండా ఎంతైనా ఖర్చుపెట్టగల ప్రచార సంస్థ) ఆమె కోసం 40 లక్షల డాలర్లకు పైగా ఖర్చుపెట్టింది. ఆ ప్రకటనల్లో ఇజ్రాయెల్ ఊసే లేదు, ఆమె శాసనసభ పని గురించే చెప్పాయి. డన్‌కు సుమారు 25 శాతం వచ్చాయి. ఎవరికి ఎవరు ఖర్చుపెడుతున్నారో, ఎందుకో, ప్రకటన చూసి తెలియదు. ఎఫ్‌ఈసీ సైటులో "స్వతంత్ర ఖర్చులు" పద్దు చూస్తేనే తెలుస్తుంది. ఇంకో సంగతి, జాతీయ పేరున్న డన్ కన్నా అనాపొలిస్ ఓటర్లకు ఏళ్ల తరబడి తెలిసిన ఎల్‌ఫ్రెత్‌కు సొంతగడ్డ కూడా కలిసొచ్చింది. సూపర్‌పాక్ ఒక్కటే గెలిపించిందనడం తేలిక లెక్క, నేను ఒప్పుకోను.

గెలుపు సంఖ్య వేసుకోవడం ఇలా. గతంలో ఇలాంటి ఏడాదే (గవర్నర్ ఏడాదికి గవర్నర్ ఏడాది, అధ్యక్ష ఏడాదికి అధ్యక్ష ఏడాది) మీ నియోజకవర్గం ప్రైమరీలో పడ్డ మొత్తం ఓట్లు తీసుకోండి. 2018లో ఆరో నియోజకవర్గం డెమోక్రాటిక్ ప్రైమరీలో సుమారు 60 వేలు. బరిలో గట్టివాళ్లు నలుగురైదుగురు ఉంటే 36 శాతం లక్ష్యం పెట్టుకోండి, అంటే సుమారు 21,600. ఇద్దరే అయితే సగానికి పైన, 31 వేలు. తరవాత గత మూడు ప్రైమరీల్లో కనీసం రెండింట ఓటేసినవాళ్ల జాబితా తీసి, మొదటి ప్రచారం అక్కడే మొదలుపెట్టండి. ఈ జాబితాలో తెలుగు పేర్లు ఎన్నున్నాయో లెక్కించండి, నిజం కళ్ల ముందుంటుంది. మన సంఖ్య ఉత్సాహానికి, వాలంటీర్లకు, తొలి చందాలకు సరిపోతుంది. 21 వేల ఓట్లకు సరిపోదు. మిగతావి ఉపాధ్యాయులు, నల్లజాతి చర్చిల పెద్దలు, రిటైరైన ఫెడరల్ ఉద్యోగులు, లాటినో కుటుంబాల దగ్గర నుంచి రావాలి. మాంట్‌గమరీ కౌంటీలో ఉపాధ్యాయుల సంఘం యాపిల్ పండు ఆకారంలో అచ్చేసి పోలింగ్ కేంద్రాల దగ్గర పంచే "యాపిల్ బ్యాలెట్" ఉంది. తక్కువమంది ఓటేసే ప్రైమరీలో అందులో పేరు ఉండటం చాలా విలువైనది. అది దక్కాలంటే వాళ్ల ప్రశ్నపత్రానికి నెలల ముందే జవాబులు రాసివ్వాలి.

ఓట్ల చీలిక ఆపే ప్రయత్నానికీ ఒక గడువుంది. నామినేషన్ ఉపసంహరణ తేదీ దాటాక ఎవరు తప్పుకున్నా పేరు బ్యాలెట్ మీదే ఉంటుంది, పోస్టులో వచ్చే ఓట్లు దానికి పడుతూనే ఉంటాయి. పేర్లు అక్షరక్రమంలో వస్తాయి, 22 పేర్ల జాబితాలో తప్పుకున్న మనిషెవరో ఓటరుకు తెలియదు. ఒకే ప్రాంతం, ఒకే తరహా మద్దతుదార్లు ఉన్న ఇద్దరిని కూర్చోబెట్టి మాట్లాడాలనుకుంటే ఆ తేదీకి ముందే జరగాలి. మన సంఘంలోంచే ఇద్దరు దిగే సూచన ఉంటే మరీను. ఒకరు ఈసారి శాసనసభకు వెళ్లడం ఓటమి కాదు. అరుణా మిల్లర్ 2018లో ఓడాక 2022లో గవర్నర్ అభ్యర్థి వెస్ మూర్ జోడీగా లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఎన్నికయ్యారు. ఆ ప్రైమరీ కూడా మూర్ గెలిచింది 32 శాతంతోనే.

అభ్యర్థులు తమంతట తాము బయటపెట్టే సర్వేలను జాగ్రత్తగా చూడండి. ఎంతమందిని అడిగారు, ఏ తేదీల్లో, ప్రైమరీకి వచ్చే ఓటర్లనేనా అన్నది మొదట చూడాలి. "అభ్యర్థి గురించి వివరించాక" అని చిన్న అక్షరాల్లో ఉంటే ఆ శాతం వాళ్ల ఆశ మాత్రమే.

ఫలితాల రాత్రి తొందరపడొద్దు. మెయిల్ బ్యాలెట్ ఎన్నిక రోజు లోపు పోస్టు ముద్ర పడితే చెల్లుతుంది, ఆ తరవాత వచ్చినా లెక్కిస్తారు. రెండు వేల తేడా ఆ రాత్రి ఖాయం కాదు.

చివరగా, "ప్రైమరీ గెలిస్తే అయిపోయినట్టే" అన్న మాటకు ఆరో నియోజకవర్గమే మినహాయింపు. 2014లో నమోదిత డెమోక్రాట్లు ఇంట్లో కూర్చున్న ఏడాది, జాన్ డిలేనీ రిపబ్లికన్ డాన్ బాంజినో మీద మూడు వేల లోపు ఓట్లతో బయటపడ్డారు. 2022 పటం తరవాత ఆ సీటు ఇంకా సమంగా ఉంది. 2024లో ట్రోన్ సెనేట్‌కు వెళ్లబోయి ప్రైమరీలో ఓడగా, ఖాళీ అయిన ఆ సీటుకు ఏప్రిల్ మెక్‌లెయిన్ డిలేనీ నవంబర్‌లో గెలిచింది 53 శాతంతోనే. మీ ఇల్లు ఆ నియోజకవర్గంలో ఉంటే, ప్రైమరీ మర్నాడే నవంబర్ వాలంటీర్ల జాబితా తెరవండి. ప్రైమరీలో ఓడినవాళ్ల కార్యకర్తల్ని మొదటి వారంలోనే ఫోన్ చేసి పిలవండి. ఆగస్టు దాకా ఆగితే వాళ్లు రారు.